రేసు సైకిలుకు ఆయుధపూజ

"దానికి మాత్రం నేను బొట్టు పెట్టేది లేదు."

ఉషారాణి ఆ మాట అనేసి కుంకుమ గిన్నె తీసుకొని వంటింట్లోకి వెళ్ళిపోయింది. హాల్లో గ్రైండరు, కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె, అంగడి నుంచి తెచ్చిన పాత తక్కెడ పసుపు రాయించుకొని, పూలు పెట్టించుకొని పేరంటాళ్ళలా వరసగా కూర్చున్నాయి. వాటి పక్కన గోడకు ఆనించిన సైకిలు ఒక్కటే బోసిమొహంతో నిలబడి ఉంది.

జయచంద్ర పేపరు మడిచి పక్కన పెట్టాడు. బెంగళూరు నుంచి ఆ సైకిలును బస్సు టాపు మీద కట్టించుకొని తెచ్చిన నాటి నుంచి ఆలుమగల మధ్య సరైన మాట లేదు. "అన్నం పెట్టినా." "అంగడికి పోతాండా." అంతే. అవి కూడా ఎదుటి గోడకు చెప్పినట్టు చెప్పుకునేవి. ఇవాళ ఆయుధపూజ కాబట్టి నోరు తెరవక తప్పలేదు. తెరిచిన పాపానికి ఇలా అయింది.

"ఉషా, ఇంట్లో కత్తెరకు కూడా బొట్టు పెడితివి. ఇదేం పాపం చేసింది?"

లోపల నుంచి గిన్నెల చప్పుడు వచ్చింది. మదనపల్లె బజారులో స్టీలు సామాన్ల అంగడి పెట్టుకున్నవాడి ఇంట్లో గిన్నెలకు కొదవ ఉండదు. కోపం వచ్చినప్పుడు ఆ ఇల్లాలికి మాటలతో పని లేదు.

జయచంద్ర తల్లి రాజమ్మ దీపం కుందెలు తుడుస్తూ కోడలిని పిలిచింది.

"ఏమ్మే ఉషా, ఇనుము ఇనుమే కదమ్మా. పండగ పూట దేనికీ తక్కువ సేయగూడదు."

"అది ఇనుము కాదంట అత్తా. మీ కొడుకు చెప్పలా? ఒంటి చేత్తో ఎత్తి వీధి వీధికంతా సూపించినాడు గదా!"

ఆ మాటకు జయచంద్ర మొహం ముడుచుకున్నాడు. చూపించిన మాట నిజమే. ఎదురింటి దొరస్వామి చేత కూడా ఎత్తించాడు. ఆ దొరస్వామి ఊరుకున్నాడా? "ఇంత సన్న టైర్లేందప్పా, గాలికి కొట్టుకొని పోతాది" అన్నాడు. "స్కూటరు అమ్మేసినావా జయచంద్రా, ఏమన్నా ఇబ్బందుల్లో ఉండావా?" అని నలుగురిలో అడిగాడు. ఇక ఆ నల్లటి బిగుతు నిక్కరు వేసుకొని వీధిలోకి వచ్చిన తొలిరోజు ఉషారాణి తలుపు వేసుకొని సాయంత్రం దాకా బయటికి రాలేదు.

అయినా సిగ్గు ఒక్కటే అయితే ఆమె ఈపాటికి సర్దుకునేదే. ఆమెది భయం.

ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "రేపు పోయేది ఖాయమేనా?"

"ఖాయమే. సైకిలు కొన్నకాడ కలిసిన బెంగళూరు పిల్లోళ్ళు ముగ్గురు వస్తాండారు. కొండ కింద కలుస్తామన్నారు. అందరం కలిసి హార్సిలీ హిల్స్ ఎక్కేది."

"వాళ్ళ వయసెంత, మీ వయసెంత?"

"యాభై ఐదు. దాంట్లో దాచేదేముండాది?"

"బీపీ మాత్ర ఎవరు మింగతాండారు? వాళ్ళా, మీరా?"

"మాత్ర మింగి ఎక్కుతా."

"నవ్వులాటగా ఉండాదా మీకు? మా నరేంద్ర కూడా ఇట్లనే నవ్వతా ఎక్కినాడు."

ఆ పేరు వినగానే రాజమ్మ తుడుస్తున్న కుందెను కింద పెట్టేసింది. నరేంద్ర ఉషారాణి తమ్ముడు. డిగ్రీ చదివే రోజుల్లో తండ్రి సైకిలు తీసుకొని పుంగనూరు నుంచి చౌడేపల్లెకు బయలుదేరి, మూల తిరుగుతూ లారీ కింద పడి చనిపోయాడు. ఏండ్లు గడిచినా ఉషారాణి ఏ సైకిలునూ ముట్టుకోలేదు. కూతురు శ్వేత బడికి సైకిలు తొక్కిన కాలంలో కూడా ఆ పిల్ల ఇంటికి వచ్చేదాకా ఈమెకు అన్నం సహించేది కాదు. ఇప్పుడు పిల్ల పెద్దదై కుప్పంలో కాలేజీ లెక్చరరు ఉద్యోగం చేసుకుంటోంది. ఇక ఆ భయం తప్పిందని అనుకునేలోపు మొగుడే ఎక్కి కూర్చున్నాడు. తోడుగా బెంగళూరుకు పోయి సైకిలు ఎంపిక చేయించింది ఎవరంటే, ఆ కూతురే!

జయచంద్ర గొంతు తగ్గించాడు.

"ఉషా, నేను చెప్పేది ఒకసారి విను. మీసాలు రానినాడు ఆ గల్లాపెట్టె ముందర కూర్చున్నా. ఒకడు తగ్గించమంటాడు, ఒకడు మార్చమంటాడు. ఒకడు ఏమీ కొనడు, ఊరికే ఊర్లో సంగతులు అడగతాడు. పొద్దున లేచినకాడి నుంచి ఎవరో ఒకరు అడగతానే ఉంటారు. ఆ సైకిలెక్కినానంటే నన్నెవరూ ఏమీ అడగరు. అంతే. నాకు అంతకంటే ఏమీ వద్దు."

"నేనేమి అడిగినా మిమ్మల్ని? ఇన్నేండ్లలో ఏమి అడిగినా చెప్పండి."

నిజంగానే ఆమె ఏమీ అడగలేదు. అడిగిన ఒక్కటీ ఇదే, ఎక్కొద్దని.

రాజమ్మ ఒకసారి కొడుకు వైపు, ఒకసారి కోడలి వైపు చూసి, తనకెందుకొచ్చిన గొడవ అన్నట్టు కుందె మళ్ళీ చేతికి తీసుకుంది.

భోజనాలయ్యాక జయచంద్ర అంగట్లో పూజకు తయారయ్యాడు. వెళ్ళబోతూ, ఎవరూ చూడడం లేదనుకొని, కుంకుమ గిన్నెలో వేలు ముంచి సైకిలు హ్యాండిలు మీద బొట్టు పెట్టాడు. జీవితంలో ఏ పండక్కీ ఆ పని చేసిన చెయ్యి కాదు. బొట్టు కాస్తా పాకి మరకయింది. తుడవబోయి మరింత పులిమి, గిన్నె ఉన్నచోట పెట్టేసి, చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు.

ఉషారాణి వంటింట్లో నుంచి అంతా చూసింది.

ఆమెకు ఏడుపొచ్చింది. ఎంత మొండిదాన్నయిపోతిని, అనుకుంది. పండగనాడు మనిషి తన వస్తువుకు తానే దొంగలా బొట్టు పెట్టుకొని పోవడమా? వద్దంటే ఆగడని తెలుస్తూనే ఉంది. పోయే మనిషిని కళ్ళ నీళ్ళతో పంపడం కంటే నవ్వు మొహంతో పంపితే ఆ మనిషికైనా కాస్త మంచి జరగదా?

కొంగు నడుముకు దోపుకొని మెత్తటి గుడ్డ ఒకటి, కొబ్బరినూనె సీసా ఒకటి తీసుకొని సైకిలు ముందు కూర్చుంది.

పుంగనూరులో ఆమె తండ్రి ప్రతి ఆయుధపూజకూ ఇదే పని చేసేవాడు. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, చక్రాలు తిప్పుతూ, కొబ్బరినూనె గుడ్డతో రిమ్ములు తళతళలాడేదాకా తుడిచేవాడు. తుప్పు పట్టదు, పైగా మెరుస్తుంది. గుడ్డ అందించేది ఉషారాణి, చక్రం తిప్పేది నరేంద్ర. పుంగనూరు చదును వీధుల్లో ఆయనకు బ్రేకుతో పనేముంది? ఆగాలంటే కాలు నేలకు ఆనించేవాడు.

ఆమె చక్రాల్లోని ఒక్కో పుల్లా తుడిచింది. రిమ్ములకు ఇటువైపూ అటువైపూ నూనె పట్టించి, తన మొహం కనిపించేదాకా రుద్దింది. రిమ్ముకు చెరోవైపు అంటుకొని ఉన్న నల్ల రబ్బరు ముక్కలు ఎండిపోయినట్టు అనిపించి, వాటికీ రెండేసి చుక్కలు పోసింది. పులిమిన కుంకుమ తుడిచేసి, గుండ్రంగా బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది. ఎంతో కాలం తరువాత ఒక సైకిలును ముట్టుకుంది. అందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

పొద్దుగూకి ఇంటికొచ్చిన జయచంద్ర హాల్లో అడుగుపెట్టి ఆగిపోయాడు.

"ఎవరు తుడిచింది?"

"ఎవరో ఊర్లోవాళ్ళు వచ్చి తుడిచిపోయినారు" అంది రాజమ్మ. "నీ పెండ్లాం కాకపోతే ఇంకెవరు తుడస్తార్రా నాయనా!"

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె వడ్డిస్తున్న గరిటె వైపు చూసుకుంది. ఆ పూట ఆయన అడిగి మరీ ఓళిగలు వేయించుకున్నాడు. ఇంట్లో గిన్నెల చప్పుడు లేదు.

తెల్లారకముందే బయలుదేరాడు. ఉషారాణి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. లారీ కింద పెట్టినా, స్కూటరు కింద పెట్టినా నిమ్మకాయ చితికి దిష్టి తీరాలి. కానీ ఆ సన్నటి టైరు ఎక్కబోయేసరికి కాయ పక్కకు దొర్లిపోయింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ దొర్లింది.

"నలగలేదే!" అంది రాజమ్మ, గుండె మీద చెయ్యి వేసుకొని.

"టైరు సన్నం గదమ్మా. దానికి శకునమేంది?" అని జయచంద్ర నవ్వి, హెల్మెట్ పెట్టుకొని, వంగి పెడలు తొక్కాడు. వీధి చివర వంపు తిరిగాడు. రాజమ్మ ఆ నిమ్మకాయలు ఏరుకొచ్చి పొత్రంతో తానే చితక్కొట్టి గేటు దగ్గర పడేసింది. ఉషారాణి నవ్వాలనుకుంది గానీ నవ్వు రాలేదు.

ఎండ కాస్త ముదిరాక ఫోను మోగింది.

"ఉషా! ఎక్కినా! యాడా దిగకుండా ఎక్కినా! పిల్లోళ్ళు చప్పట్లు కొడతాండారు."

ఆమె కళ్ళు మూసుకుంది. "మాత్ర మింగినారా?"

"మింగినా, మింగినా. సైకిలు సూసి అందరూ మెచ్చుకుంటాండారు. ఆ మెరుపు యాడిది అంకుల్ అంటాండారు. కొబ్బరినూనె వాసన వస్తాదని ఒకడు నవ్వినాడు. నా తలనూనె అనుకున్నాడు!"

ఆమె కూడా నవ్వింది. "మెల్లిగా దిగండి."

"మెల్లిగానే దిగుతా. బ్రేకులే కొంచెం జారతాండాయి. అంగళ్ళు ఊరి దగ్గర బర్రె అడ్డమొస్తే కాలు ఆనించి ఆపుకున్నా. కొత్తవి గదా, అరిగితే సరిపోతాయి. మధ్యాన్నం అన్నానికి వచ్చేస్తా."

ఫోను పెట్టేశాక ఆమె పాయసానికి సేమ్యా వేయించింది. పాట రాదు గానీ, వచ్చి ఉంటే పాడేదే.

సేమ్యా ఇంకా ఎర్రబడకముందే మళ్ళీ ఫోను. కుప్పం బస్టాండు నుంచి శ్వేత. "అమ్మా, బస్సెక్కతాండా. నాయన కొండెక్కినాడా?"

"ఎక్కేసినాడు. యాడా దిగలేదంట" అని ఉషారాణి గర్వంగా చెప్పింది. "నువ్వు ఊరికే నన్ను తిడతాంటివి గదా. సూడు, నిన్న నా చేత్తో నేనే తుడిచినా ఆ సైకిలు. మా నాయన తుడిచినట్టే, కొబ్బరినూనె పెట్టి. రిమ్ములు అద్దం మాదిరి ఉండాయి."





"రిమ్ములకు పూసినావా అమ్మా?"

"పూసినా. ఆ రబ్బరు ముక్కలకు గూడా రెండు చుక్కలు ఏసినా, ఎండిపోయి ఉండాయని."

"అమ్మా... ఆ రబ్బర్లే బ్రేకులు. అవి పోయి రిమ్మును పట్టుకుంటేనే సైకిలు ఆగేది. నూనె ఉంటే పట్టవు. నాయనకు ఫోన్ చెయ్, వెంటనే చెయ్! దిగొద్దని చెప్పు! నడిపించుకొని రమ్మని చెప్పు!"

ఉషారాణి ఫోను చేసింది. అవతల మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. దిగేటప్పుడు ఫోను వీపు మీది సంచిలో పెట్టుకుంటానని ఆయన చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది. అయినా చేస్తూనే ఉంది. పొయ్యి మీద సేమ్యా మాడిపోయింది.

"ఏమయిందమ్మా?" రాజమ్మ పరిగెత్తుకొచ్చింది.

"సైకిలుకు నూనె పూసినా అత్తా."

"మంచిదే గదా. పండగ పూట పూయాల గూడా."

ఉషారాణి అత్త మొహంలోకి చూసింది. పొయ్యి ఆర్పి, చెప్పులు కూడా లేకుండా పక్కింటికి పరిగెత్తింది.

పక్కింటి గంగాధర్ జయచంద్రకు చిన్నాన్న కొడుకు. అతని మారుతి వ్యాను నిన్న పూజ చేయించుకొని, ముందు రెండు అరటి పిలకలు కట్టుకొని పెండ్లికి తయారైనట్టు ఉంది. ఉషారాణి చెప్పింది సగం విని గంగాధర్ తాళం తీసుకున్నాడు. అద్దానికి అడ్డంగా వేలాడుతున్న దండను ఒక్క లాగు లాగి రోడ్డు మీదికి విసిరేశాడు.

ఊరు దాటాక గంగాధర్ ఆమె వైపు తిరిగాడు.

"వదినా, ఏం కాదులే. అన్న తెలివైనోడు. కాలు ఆనించి ఆపుకుంటాడు."

"కొండ మీద నుంచి దిగేటప్పుడు కాలేంది ఆనించేది గంగాధరా?"

అతను వేగం పెంచాడు. అరటి పిలకలు గాలికి కొట్టుకుంటున్నాయి. ఉషారాణి ఎదురొచ్చే ప్రతి మనిషినీ చూస్తోంది. వ్యాను అంగళ్ళు ఊరు దాటింది. ఎదురుగా సైకిలు కనబడినప్పుడల్లా సీటులో లేచి కూర్చునేది. పాల క్యానులవాడు ఒకడు, గడ్డి మోపువాడు ఒకడు. ఆమె మొగుడు కాదు.

నిన్న మధ్యాహ్నం మొండికేసినదాన్ని అలాగే మొండికేసుకొని ఉండకూడదా, అనుకుంది. బొట్టు పెట్టను అన్నదాన్ని పెట్టకుండానే ఉండిపోకూడదా? కోపంతో ఉన్నన్నాళ్ళూ ఆయనకు ఏమీ కాలేదు. ప్రేమగా ఒక్క గంట కూర్చున్నందుకు ఇంత పని చేశాను.

"నేనే పంపించినా గంగాధరా" అంది పైకే.

"అట్లనకు వదినా. ఎవరికి తెలుసు?"

"నాకు తెలియదు, సరే. కానీ చేసింది నేనే గదా."

కొండ మొదట్లో పండగ జనం. పైకి పోయే కార్లు, జీపులు. గంగాధర్ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఘాట్ రోడ్డు మొదలయ్యాక ఆమె తల బయటపెట్టి ప్రతి మలుపూ చూస్తూ వచ్చింది. పిట్టగోడలు, వాటి అవతల చెట్ల తలలు, ఇంకా కిందికి చూస్తే ఏమీ కనబడని పచ్చదనం. ప్రతి మలుపులోనూ ఆయన నిలబడి ఉంటాడనీ, సైకిలు నడిపించుకుంటూ తిట్టుకుంటూ వస్తుంటాడనీ అనుకుంది. ఎవరూ లేరు.

సగం కొండ ఎక్కాక పై నుంచి సైకిళ్ళు కనిపించాయి. ఒకటి, వెనకే మరొకటి, మరొకటి. నిక్కర్లు, హెల్మెట్లు. ఆయన అలాగే ఉంటాడు గదా ఆ వేషంలో! ఆమె వ్యాను పూర్తిగా ఆగకముందే దిగి రోడ్డుకు అడ్డంగా చేతులు చాపింది.

మూడు సైకిళ్ళూ ఆగాయి. బ్రేకులు పట్టిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది. ముగ్గురూ పడుచువాళ్ళు.

"ఆయన యాడ? మీతో ఎక్కిన పెద్దాయన, మదనపల్లె ఆయన... నేను ఆయన భార్యను."

ముందున్న కుర్రవాడు కళ్ళద్దాలు తీసి నవ్వాడు. "అంకులా? ఆయన మాకంటే ముందే దిగేసినారు ఆంటీ. మేము టిఫిన్ తింటా ఉంటే, ఇంట్లో అన్నానికి వస్తానని చెప్పినానని పోయినారు. చాలా సేపయింది."

గంగాధర్ ఇంజను ఆపేశాడు.

"కింద మీకు ఎదురు రాలేదా?" అన్నాడు ఆ కుర్రవాడు. ఆ మాట అంటుండగానే అతని మొహంలో నవ్వు పోయింది.

కొండకు ఉన్నది ఒకటే దారి. ఆ దారిలోనే ఆమె కింద నుంచి వచ్చింది, ప్రతి మనిషినీ చూస్తూ వచ్చింది. ఇంకా చూడనిది ఇక్కడి నుంచి పై దాకా ఉన్న మలుపులే. ఆ మలుపుల్లో ఈ ముగ్గురూ ఇప్పుడే దిగి వచ్చారు. వాళ్ళకూ ఆయన కనబడలేదు.

"రోడ్డు మీద లేడు" అంది ఉషారాణి నెమ్మదిగా. తన మాట తనకే ఎవరో చెప్పినట్టు వినిపించింది.

"వదినా, ఉండు, నేను పోయి సూస్తా..."

ఆమె ఆగలేదు. వట్టి కాళ్ళతో పిట్టగోడ పక్కనే పైకి పరిగెత్తింది. ఒక మలుపు దాటి, గోడ మీదికి వంగి, కిందికి చూసింది. చెట్లు తప్ప ఏమీ లేవు. ఏమని పిలవాలి? ఏమయ్యా అనా? ఇదిగో అనా? పెండ్లయిన నాటి నుంచి ఆమె ఆయన పేరు నోటితో పలికింది లేదు. ఓటరు జాబితా రాసుకునేవాళ్ళు వచ్చినా పక్కనున్నవాళ్ళ చేత చెప్పించేది.

"జయచంద్రా!" అని కేక వేసింది. "ఓ జయచంద్రా!"

లోయ ఆ పేరు తీసుకొని ఊరుకుంది. ఆమె మరో నాలుగు అడుగులు ముందుకు పరిగెత్తి, ఇంకా గట్టిగా పిలిచింది.

ఈసారి గోడ కింద, చెట్ల నడుమ నుంచి ఎవరో "ఈడుండాడు, రాండి!" అని బదులు పలికారు.

ఆ గొంతు ఆయనది కాదు.